తెరమీది గీత, కట్టమీది మనిషి

(దిల్‌సుఖ్‌నగరమున జరిగిన గ్రామపంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ప్రచార అధికారి చేసిన ప్రసంగపాఠము)



మీలో పెక్కుమంది ఈ ఉదయమున ఎల్.బి.నగర్ వరకు బస్సులో వచ్చి, అచ్చట మెట్రో రైలెక్కి దిల్‌సుఖ్‌నగరమున దిగియుందురు. స్టేషనులో వ్రేలాడు పలకను మీరు చూచియే యుందురు. తరువాతి బండి ఎన్ని నిమిషములలో వచ్చునో దానిపై కనబడుచుండును. నాలుగు మూడగును, మూడు రెండగును. ఎవరును వచ్చి చెరిపి వ్రాయనక్కరలేదు. ఇప్పుడొక ముక్క ఆలోచింపుడు. ఆ పలక చెడి, "నాలుగు నిమిషములు" అను మాటవద్దనే నిలిచిపోయినదనుకొందము. క్రింది హాలులో నిలిచి దానినే చూచుచున్నవాడు బండి యింకను రాలేదనుకొనును. పైన బండి వచ్చి పోయియుండును.

నేడు నేను మాటలాడబోవు విషయమునకు ఈ పలకయే మొదటి పాఠము. సెల్‌ఫోనులో గాని కంప్యూటరులో గాని వెబ్ పుటపై ఒక గీత కనబడుచు, క్రొత్త కొలత వచ్చినకొలది దానంతట అది పెరుగుచుండుటను లైవ్ గ్రాఫు అనుచున్నారు. మనము సజీవ రేఖాచిత్రమందము. వాన ఎంత కురిసినది, చెరువు ఎంత నిండినది, బోరుబావిలో నీరెంత దిగినది అను సంగతులు ఇట్టి గీతలలో కనబడుచున్నవి. పంచాయతీవారికి దీనితో నేమి పనియని మీరడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము మనము కూర్చున్న ఈ నేలయే చెప్పగలదు.

ఈ ప్రాంతము ఒకనాడు మీ గ్రామముల వంటిదే. సరూర్‌నగర్, కొత్తపేట, గడ్డిఅన్నారం, నాగోలు, కర్మన్‌ఘాట్ మొదలగునవి చెరువులును పొలములును గల పల్లెలు. తరువాత పురపాలక సంఘములు వచ్చినవి. 2007వ సంవత్సరమున ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘములు రెండును మహా హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైనవి. పల్లె నగరమైనది గాని నీటికి ఆ సంగతి తెలియదు. అది తాతలనాడు పారిన పల్లముననే నేటికిని పారుచున్నది.

గీత యేమి చెప్పును?

గ్రాఫు మనకు క్రొత్తది కాదు. మీ గ్రామమున అంగన్‌వాడీ కేంద్రమునకు పోయి చూడుడు. ప్రతి బిడ్డకును ఒక ఎదుగుదల పటము కలదు. నెలనెలయు బిడ్డను తూచి, ఆ బరువునకు సరియగు చోట ఒక చుక్క పెట్టి, చుక్కలను గీతతో కలుపుదురు. "ఈ బిడ్డ బరువు ఎనిమిది కిలోలు" అనినచో తల్లికి కొంతయే తెలియును. గీత మూడు నెలలుగా పైకి పోవక అడ్డముగా సాగుచున్నదనినచో, బిడ్డకేదో కొరత యున్నదని చదువురాని తల్లికిని తెలియును. అంకె నేటి స్థితిని తెలుపును. గీత పోకడను తెలుపును.

చెరువును గూర్చియు ఇంతే. "నీరు పండ్రెండు అడుగులున్నది" అను మాట సగము వార్త. పొద్దున పదియడుగులుండి ఇప్పుడు పండ్రెండైనదా, నిన్న పదునాలుగుండి దిగి పండ్రెండైనదా? మొదటిదైనచో మేలుకొని యుండవలెను, రెండవదైనచో పండుకొనవచ్చును. ఈ భేదము గీతలో ఒక్క చూపున కనబడును.

దానంతట అది సాగు గీత కూడ కంప్యూటరుతో పుట్టినది కాదు. వాతావరణ పరిశీలనాలయములలో గడియారముతో తిరుగు డోలువంటి గొట్టమునకు గళ్ళ కాగితము చుట్టి, వానమాపకమునకు తగిలించిన కలము దానిపై గీత గీయునట్లు అమర్చెడివారు. వాన కురిసినకొలది కలము పైకి లేచెడిది. కాని ఆ కాగితము ఆ గదిలోనే యుండెడిది. నేటి వెబ్ పుట చేసిన మేలు ఒక్కటే: ఆ కాగితమును ఒకే క్షణమున వేయి ఊళ్ళలో పరచినది.

1908 నేర్పిన పాఠము

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసిన కథను మీరు పెద్దలవలన వినియుందురు. ఆ పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి వరదకు కారణములను విచారింపజేసెను. నదీ పరివాహక ప్రాంతమున 788 చెరువులు కలవనియు, ఆ వరదలో 221 చెరువులు తెగినవనియు ఆయన తెలిపిరి. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు వాన కురిసినట్లు లెక్కలలో నున్నది. ఎగువ చెరువు తెగిన నీరు దిగువ చెరువుపై బడును. ఆ బరువునకు అదియు తెగును. ఇట్లు గొలుసు తెగినట్లు తెగిన చెరువుల నీరు నగరముపై బడినది. ఆయన సలహాపై కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి.

ఈ కథలో మనము గమనింపవలసినది వేరొకటి కలదు. అన్ని లెక్కలును వరద పోయిన తరువాత కూర్చినవి. వాన కురియుచున్నపుడు శంషాబాదు కొలత నగరవాసికి కనబడలేదు. మొదటి చెరువు తెగినపుడు పదవ చెరువు క్రింది గ్రామమునకు వార్త లేదు. కొలతలు పుస్తకములలో నుండెను, జనులు నిద్రలో నుండిరి. కొలతకును జనులకును నడుమ నున్న ఆ దూరమును తగ్గించుటయే సజీవ రేఖాచిత్రము చేయవలసిన పని.

మన కండ్లముందు జరిగినది

ఇక ఇటీవలి సంగతి. 2020 అక్టోబరు 13న ఈ తూర్పు హైదరాబాదుపై వాన విరుచుకుపడినది. ఘట్‌కేసర్ ప్రాంతమున ఒక్క దినములో 32 సెంటీమీటర్లకు పైగాను, ఎల్.బి.నగర్‌కు ఆనుకొనియున్న హయత్‌నగర్ ప్రాంతమున దాదాపు 30 సెంటీమీటర్లును కురిసినది. సరూర్‌నగర్ చెరువునకు ఎగువ మీర్‌పేట చెరువులు కలవు. అవి నిండిన నీరు సరూర్‌నగర్ చెరువునకు చేరును. అది నిండి పొర్లినచో దిగువనున్న కోదండరాంనగర్, సీసాల బస్తీ మొదలగు దిల్‌సుఖ్‌నగర్ పరిసరముల కాలనీలలో నీరు నిలుచును. ఆ పిమ్మట నాలాలగుండ మూసీని చేరును. పూర్వము మత్తడి దూకిన నీటికి పొలము లుండెడివి. ఇప్పుడు ఇండ్లున్నవి.

మూసీయు అట్టిదే. జంట జలాశయముల తలుపులెత్తినచో ఆ నీరు నగరము మీదుగా వచ్చి మూసారాంబాగ్‌ను చేరుటకు కొన్ని గంటలు పట్టును. 2022 జూలైలో ఇట్లు నీరు వదలినపుడు పాత మూసారాంబాగ్ వంతెనపై రాకపోకలు నిలిపివేసిరి. 2025 సెప్టెంబరులో మహాత్మాగాంధీ బస్సు స్టేషను ఆవరణలోనికే మూసీనీరు వచ్చినది. జలాశయమునకును వంతెనకును నడుమ గల ఆ కొన్ని గంటలే మనకు దక్కు ధనము. ఆ గంటలలో నది పోకడ జనులకు కనబడినచో పశువులను విప్పవచ్చును, ముసలివారిని మేడకు చేర్చవచ్చును, బియ్యపు బస్తా పైనబెట్టవచ్చును. కనబడనిచో ఆ గంటలు నీటిపాలు.

నేడు రాష్ట్రమంతట వేయికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రములు పనిచేయుచున్నవి. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ వాని కొలతలను ప్రజలకు కనబరచుచున్నది. పెద్దనదుల మట్టములను కేంద్ర జలసంఘము తన వరద సూచనల వెబ్ పుటపై గీతలుగా చూపుచున్నది. వీనిని చూచుటకు అనుమతి అక్కరలేదు, రుసుము లేదు.

కొలత తెరకెట్లు చేరును?

యంత్రమును గూర్చి కొంచెము తెలిసికొనినచో దానిని నమ్మవలసినంత నమ్మి, సందేహింపవలసినపుడు సందేహింపగలము. కనుక ఓపికతో వినుడు.

మొదట కొలుచు సాధనము. వానమాపకములో పెక్కింటియందు తక్కెడవలె ఇటునటు ఊగు రెండు చిన్న దొప్పలుండును. ఒక దొప్ప నిండగనే వంగి నీటిని ఒలికించి రెండవ దొప్పను ధారక్రిందికి తెచ్చును. ప్రతి ఊపును ఒక లెక్క. చెరువులలోను నదులలోను నీటి ఒత్తిడిని బట్టి గాని, పైనుండి పంపిన తరంగము నీటిని తాకి తిరిగివచ్చు కాలమును బట్టి గాని మట్టమును కొలుతురు. రెండవది, ఆ లెక్కను వేళతో సహా వ్రాసికొను చిన్న పెట్టె. మూడవది, దానిని పంపు దారి: మీ సెల్‌ఫోనులో నుండు సిమ్ము వంటిదే అందును ఉండును, లేదా ఉపగ్రహము ద్వారా పంపుదురు. నాల్గవది, వచ్చిన లెక్కలన్నిటిని దాచి, అడిగినవారికిచ్చు కంప్యూటరు. దీనిని సర్వరందురు. ఐదవది, మీ చేతిలోని ఫోను. అందలి బ్రౌజరు ఆ లెక్కలను తీసికొని చుక్కలు పెట్టి గీత కలుపును. క్రొత్త చుక్క కుడివైపున చేరును. ఎడమవైపు కొసనున్న ప్రాతది తెరనుండి తొలగును. పుటనంతయు మరల తెచ్చుకొనక, క్రొత్త చుక్కను మాత్రమే తెచ్చి అతికించుటయే ఇందలి నేర్పు.

ఆ క్రొత్త చుక్కను తెచ్చుటకు రెండు దారులు కలవు. మీ ఊరి చెరువునే తీసికొనుడు. మీరు గంటగంటకు ఒక కుర్రవానిని పంపి "నీరెంతయున్నదో చూచిరా" యనవచ్చును. ఏమియు మారకున్నను వాడు పోయి రావలసినదే. గంటకు నడుమ గండి పడినచో తరువాతి గంటవరకు మీకు తెలియదు. ఇది అడిగి తెలిసికొను పద్ధతి. రెండవది, నీరటికాడు కట్టపైననే కూర్చుండి, మట్టము మారినపుడెల్ల కేకవేసి చెప్పుట. ఇది తెలియజేయు పద్ధతి. వెబ్ పుటలలోను ఈ రెండే. బ్రౌజరు నిర్ణీత కాలమునకొకసారి సర్వరును అడుగుట మొదటిది. ఇరువురి నడుమ దారి తెరచియుంచి, క్రొత్త కొలత రాగానే సర్వరే పంపుట రెండవది. 2011లో ప్రమాణముగా రూపొందిన వెబ్‌సాకెట్ అను పద్ధతి ఈ రెండవ తెగకు చెందినది.

ఏది మంచిదని అడుగుదురేమో. పనిని బట్టి యుండును. కరెంటు మోటారు ఒత్తిడిని క్షణక్షణము చూడవలెను. చెరువు మట్టమునకు పదునైదు నిమిషములకొక చుక్క చాలును. సాధనము పదునైదు నిమిషములకొకసారి కొలుచుచుండగా పుట క్షణమునకొకసారి అడిగినచో ఫోను బ్యాటరీయు, డేటాయు ఖర్చగును గాని క్రొత్త సంగతి తెలియదు. అంతియే కాదు. వరదరాత్రి పదివేలమంది ఒకేసారి ఆ పుటను తెరతురు. ఒక్కొక్కరి ఫోను క్షణమునకొకసారి అడిగినచో సర్వరుపై క్షణమునకు పదివేల ప్రశ్నలు పడును. ఎండకాలమంతయు చక్కగా నడచిన పుట సరిగా కావలసిన రాత్రియే కూలిపోవును. కావున పుట తేలికగా నుండవలెను, బొమ్మలును హంగులును తక్కువగా నుండవలెను, ఒకసారి సిద్ధపరచిన కొలతనే అందరికి పంచునట్లు ఏర్పాటు చేయవలెను.

నా తప్పు ఒకటి

ఇచ్చట నా అనుభవమొకటి చెప్పెదను. దీనిని చెప్పుట నాకు గర్వము కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక వానాకాలపు రాత్రి నేను పనిమీద ఒక కార్యాలయమున నుంటిని. జనులకు వార్త చెప్పు కారుకు మైకులో చదువవలసిన మాటలు వ్రాసియిచ్చుట నా పని. ఎదుట పెద్ద తెర. దానిపై ఒక కేంద్రమునుండి వచ్చుచున్న నీటిమట్టపు గీత. తొమ్మిది గంటలవరకు ఆ గీత ఏటవాలుగా పైకి పోయినది. తరువాత తిన్నగా అడ్డముగా సాగినది. అరగంట చూచితిని. గీత కదలలేదు. "నీటిమట్టము నిలకడగా నున్నది, భయపడనక్కరలేదు" అని వ్రాసి యిచ్చితిని. కారు బయలుదేరినది.

కొంతసేపటికి లోతట్టు కాలనీనుండి ఒక పెద్దమనిషి ఫోను చేసెను. "అయ్యా, మీ కారు నిలకడ యని చెప్పి పోయినది. నీళ్ళు మా రెండవ మెట్టెక్కినవి. తమరు ఏ చెరువును చూచుచున్నారు?" అని అడిగెను. నాకు నోట మాట రాలేదు. విచారింపగా తేలినదేమన, తొమ్మిది గంటలకే అచ్చటి సాధనమునకు కరెంటు పోయినది. కొలతలు రాలేదు. రానపుడు ఆ పుట చివరి కొలతనే మరల మరల చుక్కగా పెట్టి గీతను లాగుచు పోయినది. నిలకడగా నున్నది నీరు కాదు, యంత్రము. కారును వెనుకకు పిలిపించి, ఆ వీథులలోనే తిరిగి హెచ్చరిక చెప్పించితిమి. ఆ రాత్రి ప్రాణనష్టము జరుగలేదు. కాని ఆ నడుమ కాలమున నా మాట నమ్మి మంచము క్రిందనే ధాన్యపు సంచులుంచుకొన్నవారి నష్టమునకు నేను బాధ్యుడను. అప్పటినుండి ఏ గీతను చూచినను మొదట ఒక్కటే వెదకెదను: చివరి కొలత ఎన్ని గంటలకు వచ్చినది?

మంచి గీతకు ఐదు గుర్తులు

మీ పంచాయతీ ఇట్టి పుటను చూచునపుడును, ఎవరైన మీకు తయారుచేసి యిచ్చెదమనినపుడును ఈ ఐదు విషయములు పరిశీలింపుడు.

మొదటిది: చివరి కొలత వేళ పెద్ద అక్షరములతో కనబడవలెను. "ఈ కొలత రాత్రి 9 గంటలది, 40 నిమిషముల క్రిందటిది" అని పుటయే చెప్పవలెను. కొలత ఆలస్యమైనచో గీత రంగు వెలిసి, "వార్త అందుటలేదు" అను మాట రావలెను.

రెండవది: కొలత లేనిచోట గీత తెగవలెను. లేని కొలతను సున్నగా చూపరాదు. చివరి అంకెను సాగదీయరాదు. వాన పడనపుడు సున్న, వార్త లేనపుడు ఖాళీ. ఈ రెంటిని కలిపివేయు గీత అబద్ధసాక్షి వంటిది. టవరు చెడి బాగుపడిన పిమ్మట నిలిచియున్న కొలతలన్నియు ఒక్కసారి వచ్చును. వానిని వచ్చిన వేళ కాక కొలిచిన వేళయందే పెట్టవలెను.

మూడవది: కొలబద్ద మారకుండవలెను. ఉస్మాన్‌సాగర్ పూర్తిమట్టము 1790 అడుగులు. కొలబద్దను సున్ననుండి మొదలిడినచో రెండడుగులు పెరిగినను గీత కదలినట్లే కనబడదు. 1785 నుండి 1786 వరకు మాత్రమే చూపినచో రెండంగుళములు పెరిగినను కొండవలె కనబడి జనులు బెదరుదురు. పుటలు పెక్కు తమంతట తామే కొలబద్దను సాగదీయుచు కుదించుచు నుండును. అది సంతలో తూకపురాయిని మార్చుట వంటిది. కొలబద్ద స్థిరముగా నుండి, దానిపై ప్రమాద రేఖలు గీసియుండవలెను. భద్రాచలమున గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఆ తీరమున చదువురాని వృద్ధునకు కూడ ఈ మూడంకెలు తెలియును. 1986లో గోదావరి అచ్చట 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును చేరినది. అట్టి గత వరదల గుర్తులు కూడ గీతప్రక్కన నున్నచో ప్రమాదమెంత దూరమున నున్నదో చెప్పనక్కరలేకయే తెలియును.

నాల్గవది: సరాసరిలో శిఖరము మరుగుపడరాదు. ఒక గంటలోని నాలుగు పావుగంటలలో వరుసగా 2, 3, 41, 2 మిల్లీమీటర్ల వాన పడినదనుకొనుడు. పావుగంటకు సరాసరి 12 అని చూపినచో పెద్దవాన యనిపించదు. కాని మీ వాగును పొంగించినది ఆ 41. చుక్కలు ఎక్కువై గీత ఇరుకైనపుడు వానిని తగ్గింపక తప్పదు. అట్లు తగ్గించునపుడు ఎక్కువ కొలతను విడువక చూపవలెను.

ఐదవది: గీత చిన్న ఫోనుపైనను, తెలుగులోను, ఎండలోను చదువుటకు వీలుగా నుండవలెను. ఎరుపును ఆకుపచ్చను వేరుపరచి చూడలేనివారు మనలో కలరు. కనుక రంగుతోబాటు "హెచ్చరిక" అను మాట కూడ వ్రాసియుండవలెను.

గోడమీది గ్రాఫు

ఇదంతయు యంత్రములు గలవారి మాట, మా ఊరికి వీలుపడదని నిరాశపడకుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో, ఈ శతాబ్దపు మొదటి దశకమున, నల్లగొండ, మహబూబ్‌నగర్, అనంతపురము, కర్నూలు మొదలగు ఏడు కరవు జిల్లాలలో రైతుల ఆధ్వర్యమున భూగర్భజల యాజమాన్య పథకము నడచినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. అందు రైతులే, స్త్రీలును పురుషులును, వానను కొలిచిరి, బోరుబావులలో నీటిమట్టమును కొలిచిరి, ఆ కొలతలను గ్రామములో అందరు చూచునట్లు బోర్డులపై వ్రాసిరి. యాసంగికి ముందు కూర్చుండి, నేలలో నీరెంతయున్నది, వేయదలచిన పంటలకెంత కావలెను అని లెక్క చూచుకొనిరి. ఏ పంట వేయవలెనని ఎవరును ఆజ్ఞాపింపలేదు. నీరు దిగుట కండ్లకు కనబడినపుడు అనేకులు తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మరలిరి.

ఆ బోర్డులకు కరెంటు లేదు, సర్వరు లేదు. అయినను అవి నిజమైన సజీవ రేఖాచిత్రములు. ఏలయన, కొలిచిన చేయియు, చూచిన కన్నును, నిర్ణయించిన మనస్సును ఒకే ఊరివి. నేటి తెరమీది గీతలలో కొన్నింటికి ఈ ప్రాణమే కొరవడుచున్నది. అవి క్షణక్షణము కదలుచుండును గాని, వానిని చూచి లేచి నడచువాడు లేడు.

పంచాయతీ చేయదగిన పనులు

ఇక మీరు ఊరికి మరలిన పిమ్మట చేయదగిన పనులు చెప్పి ముగించెదను. వీనిలో దేనికిని పెద్ద ఖర్చు లేదు.

చెరువు తూమువద్ద అడుగుల గుర్తులు గల ఒక స్తంభము నాటింపుడు. మత్తడి మట్టమును దానిపై ఎర్రరంగుతో గుర్తింపుడు. యంత్రమున్నను ఈ స్తంభము ఉండవలెను. యంత్రము తప్పినదో ఒప్పినదో చెప్పునది ఇదియే.

నీరటికాడు గాని, సభ్యులు వంతువేసికొని గాని రోజుకు రెండుసార్లు, పెద్దవానలో గంటకొకసారి, ఆ మట్టమును వేళతో సహా వ్రాయవలెను. ఈ దిల్‌సుఖ్‌నగరమున శిక్షణాలయములలో చదువుకొనుచు, హాస్టళ్ళలో నుండు యువకులలో మీ గ్రామముల పిల్లలు అనేకులు కలరు. కొలతలను గీతగా చూపు చిన్న వెబ్ పుటను వారు తయారుచేయగలరు. వారిని పిలిచి అడుగుడు. నేను చెప్పిన ఐదు గుర్తులు వారికి చెప్పుడు.

గొలుసు చెరువుల గ్రామములన్నియు ఒక్క పుటనే పంచుకొనవలెను. ఎగువ ఊరి గీత దిగువ ఊరికి ముందు వార్త. 1908లో తెగిన 221 చెరువుల కథ మరువవద్దు. మీ కట్టపైన జరుగునది మీ ఊరితోనే ఆగదు.

వానాకాలమునకు ముందే ఒక కాగితముపై మూడు పేర్లు వ్రాసి పంచాయతీ గోడకంటింపుడు: రాత్రివేళ గీతను చూచువారెవరు, మట్టము ఎర్రగుర్తునకు ఎంత దిగువన నుండగా ఎవరికి ఫోను చేయవలెను, వార్త రానిచో కట్టకు పోయి చూచువారెవరు. ఈ మూడవ పేరు మిక్కిలి ముఖ్యము. కరెంటు పోవుట, టవరు పడుట గాలివాన రాత్రియే జరుగును. గీత తెగినదనగా వార్త లేదని కాదు. "లేచి పోయి చూడుము" అనునదే ఆ వార్త. ఆ రాత్రికి దండోరా వేయు డప్పును, గుడిలోని మైకును, టార్చిలైటును సిద్ధముగా నుంచుడు. ఏడాదికొకసారి, జూన్ నెలలో, నిజముగా వరద వచ్చినట్లే ఈ ఏర్పాటు నంతను నడిపి చూడుడు.

సోదరులారా, సోదరీమణులారా! సాయంకాలము మీరు తిరిగి ఎల్.బి.నగర్ పోవుచు, మెట్రో బండి కిటికీనుండి ఈ ఇండ్ల వరుసలను చూడుడు. వీని క్రింద ఎన్ని కుంటలు, ఎన్ని కాలువలు పూడియున్నవో తలంపుడు. నాడు ఆ రాత్రి నాకు ఫోను చేసిన పెద్దమనిషి తెరను చూడలేదు. తన ఇంటి మెట్టును చూచెను. ఆయన గీత నాదానికంటె సత్యమైనది. తెరమీది గీతను చేపట్టుడు. అది దూరపు వార్తను దగ్గరకు తెచ్చును, ముందు వార్తను మునుపే తెచ్చును. కాని కట్టమీది మనిషిని మాత్రము ఇంటికి పంపివేయకుడు. ఆ ఇరువురును ఒకరినొకరు సరిచూచుకొనుచున్న ఊరు నిర్భయముగా నిద్రింపగలదు.

జై హింద్!